‘పచ్చగా కక్కింది’: నవజాత శిశువుల్లో పేగు అడ్డంకుల నిర్ధారణ – తెలుగు వర్ణపదాల పాత్ర

వ్యాససంగ్రహం:
పుట్టుకతో వచ్చే పేగు అడ్డంకులను గుర్తించడంలో వైద్యునికి దొరికే తొలి ఆధారం చాలాసార్లు ఎక్స్-రే కాదు. తల్లి గానీ అమ్మమ్మ గానీ చెప్పే ఒక మాట. ఆ మాట సాధారణంగా రంగును సూచించే మాట. తెలుగులో ‘పచ్చ’ అనే పదం ఆకు రంగుకూ పసుపు రంగుకూ వర్తిస్తుంది. శిశువు వాంతి విషయంలో ఈ రెండు రంగుల మధ్య తేడా ప్రాణావసరమైనది. ఈ అడ్డంకులు ఎలా ఏర్పడతాయో, వాటిని ఏ క్రమంలో నిర్ధారిస్తారో, ఆ క్రమంలో ఇంటి మాటా ఇంటి అలవాటూ ఎక్కడ తోడ్పడతాయో, ఎక్కడ దారి తప్పిస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: నవజాత శిశువు, పేగు అడ్డంకి, పచ్చ, పసరు, తొలి మలం, వర్ణపదాలు, వైద్య సంభాషణ.

1. ఉపోద్ఘాతం

మాట రాని రోగి బాధను తెలుసుకోవడం ఎలా అన్నది వైద్యానికి పాత ప్రశ్నే. బాలవైద్యమే ప్రధాన విషయంగా గల ఆయుర్వేద గ్రంథం కాశ్యప సంహితలో ‘వేదనాధ్యాయం’ పేరుతో ఒక అధ్యాయం ఉంది. నోటితో చెప్పుకోలేని శిశువు ఏ బాధతో ఉన్నదో దాని చేష్టలను బట్టి గ్రహించే పద్ధతిని ఆ అధ్యాయం చెబుతుంది. ఆధునిక వైద్యంలో యంత్రాలు ఎన్ని వచ్చినా ఈ ప్రశ్న పోలేదు. పుట్టి రెండు రోజులైన శిశువుకూ వైద్యునికీ మధ్య ఇప్పటికీ ఒక దుబాసి ఉంటుంది. ఆ దుబాసి తల్లి. పచ్చిబాలింత కావడంతో ఆమె లేవలేని స్థితిలో ఉంటే అమ్మమ్మ, నాయనమ్మ, లేదా వార్డులోని ఆయా. శిశువు ఏం కక్కిందో, ఎప్పుడు కక్కిందో, విరేచనం అయిందో లేదో వీరు చూసి చెప్పవలసిందే. వైద్యుడు వచ్చేసరికి తడిసిన గుడ్డ మార్చేసి ఉంటారు. చూసిన దృశ్యం పోయి, దానికి పెట్టిన పేరు మాత్రమే మిగులుతుంది.

పేగు మార్గం మూసుకుపోవడమనే భావన భారతీయ వైద్యానికి కొత్తది కాదు. సుశ్రుత సంహిత ఉదరరోగాలలో ‘బద్ధగుదోదరం’ అనేదాన్ని పేర్కొని, దానికి శస్త్రచికిత్సను కూడా వర్ణించింది. అయితే అక్కడి వర్ణన ఆహారంతోపాటు కడుపులో చేరిన వెంట్రుకలు, రాళ్లవంటి వాటివల్ల మార్గం మూసుకుపోవడానికి సంబంధించినది, పుట్టుకతో వచ్చే లోపానికి సంబంధించినది కాదు. ఈ భేదాన్ని పక్కనపెట్టి పూర్వులకు సర్వమూ తెలుసుననడం పరిశోధన అనిపించుకోదు. పుట్టుకతో వచ్చే పేగు అడ్డంకుల అవగాహన, వాటినుంచి శిశువులు బతికి బయటపడటం దాదాపుగా ఇరవయ్యో శతాబ్దపు విషయాలు.

2. ఆకు రంగుకు ఎందుకంత ప్రాధాన్యం?

కాలేయంలో తయారయ్యే పైత్యరసం మొదట బంగారు పసుపు రంగులోనే ఉంటుంది. దానికి ఆ రంగునిచ్చేది బిలిరూబిన్ అనే పదార్థం. ఇది ఆక్సీకరణం చెందితే బిలివర్డిన్‌గా మారి ఆకుపచ్చ రంగుకు తిరుగుతుంది. పైత్యరసం వచ్చి పడే చోటు చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలం. ఆంత్రమూలం మధ్యభాగంలో ఒక సన్నని రంధ్రం గుండా అది పేగులోకి దిగి, పాలతో కలిసి కిందికి సాగిపోవాలి. ఆ రంధ్రానికి దిగువన ఎక్కడైనా మార్గం మూసుకుపోతే పైత్యరసానికి కిందికి దారి ఉండదు. అది వెనక్కి తన్ని జీర్ణాశయంలో చేరుతుంది, అక్కడి ఆమ్లంలో నిలిచి ఆకుపచ్చగా మారుతుంది, ఆపై వాంతిగా బయటికి వస్తుంది.

కాబట్టి వాంతి రంగు ఒక చిరునామా వంటిది. అడ్డంకి పైత్యరంధ్రానికి పైన ఉంటే వాంతి తెల్లగానే ఉంటుంది. జీర్ణాశయపు కింది ద్వారం కండరం దళసరెక్కి మూసుకుపోయే పైలోరిక్ స్టెనోసిస్‌లో ఇలాగే జరుగుతుంది. మూడు నుంచి ఆరు వారాల వయసులో శిశువు తాగిన పాలను దూరంగా చిమ్మినట్టు కక్కుతుంది, అందులో ఆకుపచ్చ ఉండదు. అడ్డంకి రంధ్రానికి దిగువన ఉంటే ఆకుపచ్చ కనిపిస్తుంది. ఈ కారణంగానే బాలల శస్త్రచికిత్సలో ఒక నియమం స్థిరపడింది: నవజాత శిశువు ఆకుపచ్చగా వాంతి చేసుకుంటే, కాదని రుజువయ్యేవరకూ దాన్ని పేగు అడ్డంకిగానే భావించాలి.

‘కాదని రుజువయ్యేవరకూ’ అన్న మాట ఇక్కడ ముఖ్యం. ఆకుపచ్చగా కక్కిన ప్రతి శిశువుకూ కోత అవసరం కాదు. తొలి మూడు రోజుల్లో అలా కక్కిన శిశువులపై జరిగిన అధ్యయనాలు చూస్తే, శస్త్రచికిత్స అవసరమయ్యే కారణం బయటపడింది సుమారు అయిదింట ఒక వంతు నుంచి మూడింట ఒక వంతుకు కొంచెం పైగా మాత్రమే. మిగిలినవారిలో రక్తంలో ఇన్ఫెక్షన్ వల్ల పేగు మందగించడం వంటి వేరే కారణాలు ఉంటాయి, కొందరిలో ఏ కారణమూ కనిపించదు. అయినా ఆ వంతులో చేరే శిశువు ఏదో బయటినుంచి చూసి చెప్పడం సాధ్యం కాదు కనుక అందరినీ పరీక్షించవలసి వస్తుంది.

3. ‘పచ్చ’ అనే మాట, ‘పసరు’ అనే మాట

పచ్చగడ్డి, పచ్చజెండా, పచ్చల హారం అన్నప్పుడు తెలుగువారికి తోచేది ఆకు రంగు. పచ్చసొన, పచ్చకామెర్లు అన్నప్పుడు తోచేది పసుపు రంగు. రెంటినీ విడదీయవలసి వచ్చినప్పుడు భాష ముందొక మాట చేరుస్తుంది: ఆకుపచ్చ, చిలకపచ్చ, పసుపుపచ్చ. ఆ చేర్పు తీరికగా మాట్లాడేటప్పుడు వస్తుంది. కంగారులో వచ్చే మాట ‘పచ్చగా కక్కింది’ అన్నదే. వినే వైద్యుడు ఆ పచ్చను తన మనసులో ఉన్న పచ్చగా అర్థం చేసుకుంటాడు. చెప్పినవారు ఆకు రంగును ఉద్దేశిస్తే విన్నవారు పసుపు రంగు అనుకోవచ్చు, ఇందుకు విరుద్ధంగానూ జరగవచ్చు. ఎదుటివారు సరిగ్గానే అర్థం చేసుకున్నారన్న నమ్మకం ఇద్దరికీ ఉండటం వల్ల ఈ పొరపాటు బయటపడటం కష్టం.

ఈ సందిగ్ధత మాటల మూలంలోనే ఉంది. పచ్చ, పచ్చి, పసుపు, పసిమి, పసరు, పసి – ఇవన్నీ ఒకే ద్రావిడ ధాతుకుటుంబానికి చెందినవని బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు చూపుతుంది. లేతదనం, పండని తనం, ఆకు రంగు, పసుపు రంగు ఆ కుటుంబంలో కలగలిసి ఉన్నాయి. ‘పసిబిడ్డ పసరు కక్కింది’ అన్న వాక్యంలో కర్తలోని ‘పసి’, కర్మ అయిన ‘పసరు’ రెండూ ఒక ఇంటివే కావడం భాషాశాస్త్ర విద్యార్థికి ఆసక్తి కలిగించే విశేషం. ప్రసూతి వార్డులో మాత్రం ఇది చిక్కు తెచ్చిపెట్టే విశేషం.

అలాగని తెలుగు మీద నింద మోపనవసరం లేదు. ఆకుపచ్చకూ పసుపుకూ వేర్వేరు మాటలున్న ఇంగ్లీషులోనూ ఈ తడబాటు ఉంది. గ్లాస్గోకు చెందిన బాలల శస్త్రవైద్యులు తల్లిదండ్రులకూ కుటుంబవైద్యులకూ నర్సులకూ రంగుల పట్టిక చూపి, శిశువు వాంతిలో పైత్యరసం ఏ రంగులో ఉంటుందని అడిగారు. 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన ఆ అధ్యయనంలో తల్లిదండ్రుల్లో చాలామంది, కుటుంబవైద్యుల్లోనూ గణనీయమైన భాగం పసుపు రంగును ఎంచుకున్నారు. శస్త్రవైద్యుని మనసులోని పైత్యరసం ఆకుపచ్చనిది, ఇతరుల మనసులోది పసుపుపచ్చనిది. తెలుగులో ఆ అభిప్రాయభేదానికి వర్ణపదపు ద్వ్యర్థి కూడా తోడవుతుంది.

పసుపు రంగు వాంతికి తొలి రోజుల్లో సహజమైన కారణాలున్నాయి. ముర్రుపాలు స్వయంగా పసుపు ఛాయలో ఉంటాయి. వాటిని తాగిన శిశువు కొంత కక్కితే గుడ్డ మీద పసుపు మరక పడటంలో వింత లేదు. కనుక పసుపు మరకను చూసి ప్రతిసారీ హడలిపోనక్కరలేదు. అయితే పైత్యరసం కూడా మొదట పసుపు రంగులోనే ఉంటుందన్న సంగతి మరవరాదు. పసుపు వాంతితోపాటు పొట్ట ఉబ్బడం, పాలు పట్టకపోవడం, విరేచనం కాకపోవడం ఉంటే రంగు ఒక్కటే చూసి ఊరడించడం సరికాదు.

ఇక ‘పసరు’ సంగతి. ఆకును నలిపితే వచ్చే రసం పసరు. గోరింటాకు పసరు, ఆకుపసరు వైద్యం అన్న వాడుకల్లో పసుపు రంగుకు చోటు లేదు. శిశువు వాంతి విషయంలో వైద్యునికి కావలసిన అర్థానికి ‘పచ్చ’కంటే ‘పసరు’ చాలా దగ్గరైన మాట. కానీ దానికీ ఒక లోపం ఉంది. పెద్దవాళ్లకు ఖాళీ కడుపుతో వాంతులు ఆగకుండా అయినప్పుడు చివరికి చేదుగా పడేదాన్ని కూడా పసరు అనే అంటారు. అది ఇంటింటా తెలిసిన అనుభవం, దానికి ఎవరూ భయపడరు. ఆ పరిచయం వల్ల పసిబిడ్డ పసరు కక్కినా ‘పైత్యం చేసింది’, ‘బాలింత పత్యం తప్పింది’, ‘దిష్టి తగిలింది’ అని సరిపెట్టుకునే అవకాశం ఉంది. సరైన మాట వాడుకలో ఉంది, దానికి తగిన భయమే జతపడలేదు.

4. పేగు ఎక్కడ తప్పుతుంది?

ఈ అడ్డంకులన్నీ ఒకే జాతివి కావు. కొన్నింటిలో పేగు మార్గం పూర్తిగా మూసుకుపోయి ఉంటుంది. దీన్ని అట్రీషియా అంటారు. ఆంత్రమూలంలో వచ్చే అట్రీషియాకు చాలాకాలంగా చెప్పే కారణం, పిండదశలో కణాలు పెరిగి పూడిన గొట్టం తిరిగి తెరుచుకోకపోవడం. వియన్నాకు చెందిన యూలియస్ టాండ్లర్ 1900లో చేసిన ప్రతిపాదన ఇది. ఈ లోపం ఉన్న శిశువుల్లో సుమారు మూడింట ఒక వంతు మందికి డౌన్ సిండ్రోమ్ కూడా ఉంటుంది. చిన్నపేగు దిగువ భాగాల్లో వచ్చే అట్రీషియాలకు కూడా టాండ్లర్ సిద్ధాంతాన్నే వర్తింపజేసేవారు. 1955లో కేప్‌టౌన్‌లో యాన్ లౌ, క్రిస్టియాన్ బర్నార్డ్ ఈ అభిప్రాయాన్ని ప్రయోగం ద్వారా మార్చారు. కుక్క గర్భంలోని పిల్లల పేగుకు రక్తం తెచ్చే నాళాలను కొంతమేర కట్టి, గర్భాన్ని తిరిగి మూశారు. ఆ పిల్లలు పేగు మూసుకుపోయి పుట్టాయి. పేగు మొదట సక్రమంగానే ఏర్పడి, తర్వాత రక్తం అందక ఒక ముక్క నశించి కూడా అట్రీషియా రావచ్చని దీనితో తేలింది. పన్నెండేళ్ల తర్వాత మనిషికి మనిషి గుండెను మొదటిసారి అమర్చి ప్రపంచ ప్రసిద్ధుడైన బర్నార్డ్ ఈయనే. ఆ కీర్తి వెలుగులో పసిబిడ్డల పేగులపై ఆయన చేసిన పని వైద్యులకు బయట ఎవరికీ పెద్దగా తెలియకుండా పోయింది.

అన్నింటికంటే ప్రమాదకరమైనది మూసుకుపోయిన పేగు కాదు, మెలిపడే పేగు. పిండం ఆరో వారం ప్రాంతంలో పేగు కడుపులో పట్టక బొడ్డుతాడు మొదట్లోకి పొడుచుకువస్తుంది. పదో వారం ప్రాంతంలో తిరిగి లోపలికి వెళుతుంది. ఈ రాకపోకల్లో అది తనకు రక్తం తెచ్చే ప్రధాన ధమని చుట్టూ అపసవ్య దిశలో 270 డిగ్రీలు తిరిగి తన స్థానంలో కుదురుకోవాలి. సక్రమంగా కుదిరిన పేగును వెన్నువైపు గోడకు పట్టి ఉంచే పొర కడుపు ఎడమ పైభాగం నుంచి కుడి కిందిభాగం వరకు వెడల్పుగా అతుక్కుని ఉంటుంది. అంత వెడల్పైన పునాది ఉన్న పేగు మెలిపడదు. తిరుగుడు సగంలో ఆగిపోతే ఆ పునాది ఇరుకై తొడిమలా మిగులుతుంది. చిన్నపేగు దాదాపు అంతా ఆ సన్నని తొడిమకు వేలాడుతుంది, రక్తనాళాలు కూడా ఆ తొడిమలోనే ఉంటాయి. తొడిమ మెలిపడితే మార్గమూ రక్తమూ ఒకేసారి ఆగిపోతాయి. దీనినే వాల్వులస్ అంటారు. కొద్ది గంటల్లో పేగు మొత్తం నల్లబడి నశించవచ్చు. ఆ స్థితిలో శిశువు ప్రాణం దక్కినా ఆహారాన్ని గ్రహించడానికి చాలినంత పేగు మిగలదు.

దీని తొలి లక్షణం ఆకుపచ్చని వాంతి. తరచుగా మొదట్లో కనిపించే లక్షణం అదొక్కటే. శిశువు అంతవరకు బాగానే పాలు తాగి ఉండవచ్చు, నల్లని తొలి మలం కూడా అయి ఉండవచ్చు. పొట్ట మెత్తగా, చదునుగా ఉంటుంది. ‘పొట్ట ఉబ్బలేదు కదా’ అన్న ఊరడింపు ఈ సందర్భంలో ఎంతమాత్రం పనికిరాదు. పొట్ట ఉబ్బి బిగుసుకుపోవడం, విరేచనంలో నెత్తురు పడటం, శిశువు నీరసించి పాలిపోవడం పేగు చెడటం మొదలైన తర్వాతి సంగతులు. బోస్టన్‌కు చెందిన విలియం లాడ్ 1936లో ఈ లోపానికి శస్త్రచికిత్సా విధానాన్ని వివరించాడు. మెలిని విప్పి, అడ్డుపడుతున్న పొరలను కోసి, పేగు పునాదిని వెడల్పు చేయడం అందులోని సారం. నేటికీ ఆ చికిత్స ఆయన పేరుతోనే సాగుతున్నది. చికిత్స దొరికి దాదాపు తొంభయ్యేళ్లయింది. ఇప్పటికీ తేలవలసిన ప్రశ్న ఆ చికిత్స వరకు శిశువు ఎన్ని గంటల్లో చేరుతుందన్నదే.

5. తొలి మలం

శిశువు మొదట విసర్జించే నల్లని, జిగట మలాన్ని వైద్యంలో మెకోనియం అంటారు. గసగసాల మొక్క రసమని అర్థమిచ్చే గ్రీకు మాట దీనికి మూలం, నల్లమందుతో పోలిక. ఆరోగ్యంగా, నెలలు నిండి పుట్టిన శిశువుల్లో అత్యధికులు 24 గంటల్లోపు దీన్ని విసర్జిస్తారు. 48 గంటలు దాటినా విసర్జించనివారు నూటికి ఒకరు కూడా ఉండరు. అందుచేత ‘మొదటి విరేచనం ఎప్పుడైంది?’ అన్న ప్రశ్నకు రంగు ప్రశ్నతో సమానమైన విలువ ఉంది. అయితే విరేచనం అయినంత మాత్రాన అడ్డంకి లేదని చెప్పలేము. అడ్డంకికి దిగువన ముందే చేరి ఉన్న మలం బయటికి రావచ్చు.

తొలి మలం ఆలస్యమయ్యే వ్యాధుల్లో ముఖ్యమైనది హిర్ష్‌స్ప్రుంగ్ వ్యాధి. కోపెన్‌హాగెన్ బాలవైద్యుడు హరాల్డ్ హిర్ష్‌స్ప్రుంగ్ 1886లో ఇద్దరు శిశువుల విషయంగా దీన్ని వర్ణించాడు. సుమారు 5,000 మందిలో ఒకరికి ఇది వస్తుంది. పిండదశలో పేగు గోడలోకి నాడీకణాలు పైనుంచి కిందికి వలస వస్తాయి. ఆ వలస మధ్యలో ఆగిపోతే చివరి భాగానికి నాడీకణాలు ఉండవు. ఆ భాగం బిగుసుకునే ఉంటుంది, వదులు కాదు. మార్గం తెరిచే ఉన్నా మలం కిందికి కదలదు. హిర్ష్‌స్ప్రుంగ్ దృష్టి ఉబ్బిపోయిన పైభాగం మీద పడింది. అసలు లోపం మామూలుగా కనిపించే కింది భాగంలో ఉన్నదని స్థిరపడటానికి 1940లు రావలసి వచ్చింది.

ఈ వ్యాధిని గురించి చెప్పేటప్పుడు తెలుగు ఇళ్లలోని ఒక అలవాటును ప్రస్తావించక తప్పదు. శిశువుకు విరేచనం కాకపోతే తమలపాకు తొడిమను ఆముదంలో ముంచి మలద్వారంలో పెట్టడం పెద్దలకు తెలిసిన ఉపాయం. చాలాసార్లు అది ఫలిస్తుంది కూడా. చిక్కు అక్కడే ఉంది. హిర్ష్‌స్ప్రుంగ్ వ్యాధి ఉన్న శిశువుకు వైద్యుడు వేలితో మలద్వారాన్ని పరీక్షించినప్పుడు వేలు తీయగానే గాలీ మలమూ ఒక్కసారిగా చిమ్మడం వైద్యగ్రంథాలు చెప్పే లక్షణం. తొడిమ చేసేది కూడా అదే. పొట్ట తగ్గుతుంది, శిశువు నిద్రపోతుంది, ఇంటివారు నిశ్చింతగా ఉంటారు. రెండు మూడు రోజులకు మళ్లీ అదే పరిస్థితి, మళ్లీ తొడిమ. ఇలా వ్యాధి వారాల తరబడి దాగి ఉండి, చివరికి పేగు వాచి, ఇన్ఫెక్షన్ ఒంటికంతా పాకిన స్థితిలో బయటపడవచ్చు. ఉపాయాన్ని మూఢనమ్మకంగా కొట్టిపారేయడంవల్ల ప్రయోజనం లేదు. ‘తొడిమ పెడితేనే అవుతోందా, దానంతటదే అవుతోందా?’ అని అడిగితే అదే ఉపాయం వైద్యునికి ఆధారంగా మారుతుంది. ఆముదం నాకించడం మాత్రం వేరు. పేగు మూసుకుపోయిన శిశువుకు నోటిద్వారా ఏది పట్టినా అది వాంతిగా తిరిగివస్తుంది, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంటుంది.

మలద్వారమే ఏర్పడకపోవడం మరో లోపం. ఇదీ సుమారు 5,000 మందిలో ఒకరికి వస్తుంది. చూస్తే తెలిసిపోయే ఈ లోపం కూడా అప్పుడప్పుడు ఆలస్యంగా బయటపడటానికి కారణం, పక్కనున్న సన్నని దారిగుండా కొద్దిగా మలం రావడం. ఆడశిశువుల్లో ఆ దారి యోని ముఖద్వారం దగ్గర తెరుచుకోవచ్చు. గుడ్డకు మరక అంటింది కనుక విరేచనం అయిందని ఇంటివారు చెబుతారు. వారు చెప్పింది అబద్ధం కాదు, మలం వచ్చిన చోటును ఎవరూ అడగలేదు.

6. నిర్ధారణ క్రమం

కొన్ని అడ్డంకులు పుట్టుకకు ముందే సూచన ఇస్తాయి. గర్భస్థ శిశువు ఉమ్మనీటిని మింగి పేగుద్వారా గ్రహిస్తుంది. పైభాగంలో మార్గం మూసుకుపోతే ఆ నీరు గ్రహింపబడక గర్భంలో ఉమ్మనీరు పెరుగుతుంది. స్కానింగ్‌లో ఉమ్మనీరు ఎక్కువగా ఉందని రాస్తే, శిశువు పుట్టిన తర్వాత ఆ కాగితాన్ని మళ్లీ చూడాలి. ఆంత్రమూలం మూసుకుపోయినప్పుడు స్కానింగ్‌లోనే రెండు బుడగలు కనిపించవచ్చు. దిగువ భాగపు అడ్డంకుల్లోనూ, పేగు తిరుగుడు లోపంలోనూ గర్భకాలపు స్కానింగ్ తరచుగా ఏమీ చూపదు. ‘అన్ని స్కానింగులూ బాగానే వచ్చాయి’ అన్న మాటకు ఇక్కడ విలువ తక్కువ.

పుట్టిన తర్వాత అనుమానం కలిగిన వెంటనే పాలు ఆపి, నోటిగుండా గానీ ముక్కుగుండా గానీ సన్నని గొట్టాన్ని జీర్ణాశయంలోకి వేస్తారు. ఇది పరీక్షా అవుతుంది, చికిత్సా అవుతుంది. అప్పుడే పుట్టిన శిశువు జీర్ణాశయంలో సాధారణంగా కొద్ది మిల్లీలీటర్ల ద్రవమే ఉంటుంది. 20 మిల్లీలీటర్లు దాటి వస్తే అడ్డంకిని అనుమానిస్తారు. గొట్టంలో వచ్చే ద్రవం రంగు వైద్యుడు స్వయంగా చూస్తాడు కనుక ‘పచ్చ’ సందిగ్ధత అక్కడ తొలగిపోతుంది.

తర్వాత మామూలు ఎక్స్-రే. పేగులో మింగిన గాలి నల్లగా కనిపిస్తుంది కనుక గాలి ఎంతవరకు చేరిందో చూడటమే ఇందులో ప్రధానం. జీర్ణాశయంలో ఒక బుడగ, ఆంత్రమూలంలో ఒక బుడగ, ఆపైన ఎక్కడా గాలి లేకపోతే ఆంత్రమూలం మూసుకుపోయిందని దాదాపుగా నిర్ధారించవచ్చు. చాలా పేగుచుట్టలు ఉబ్బి కనిపిస్తే అడ్డంకి దిగువన ఉన్నట్టు. అది చిన్నపేగులోనా పెద్దపేగులోనా అన్నది నవజాత శిశువు ఎక్స్-రేలో తేల్చడం కష్టం. పెద్దవారిలో కనిపించే పెద్దపేగు మడతలు ఈ వయసులో స్పష్టంగా ఉండకపోవడమే ఇందుకు కారణం. అప్పుడు మలద్వారంగుండా ఎక్స్-రేలో కనిపించే ద్రవాన్ని పంపి చూస్తారు. పెద్దపేగు వాడకం లేక దారంలా సన్నగా ఉంటే అడ్డంకి చిన్నపేగు చివర ఉందని, సన్నని భాగం ఒకచోట వెడల్పుగా మారుతుంటే హిర్ష్‌స్ప్రుంగ్ వ్యాధి కావచ్చని అనుమానిస్తారు. ఆ వ్యాధిని ఖాయం చేసేది మాత్రం పురీషనాళపు పొరనుంచి తీసిన చిన్న ముక్కను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, నాడీకణాలు లేవని చూడటమే.

మెలిపడే పేగు విషయంలో మామూలు ఎక్స్-రేను నమ్ముకోరాదు. అది పూర్తిగా సహజంగా కనిపించవచ్చు. నోటివైపునుంచి ద్రవాన్ని పంపి, ఆంత్రమూలం ముగిసే మలుపు వెన్నెముకకు ఎడమవైపున, తగిన ఎత్తులో ఉన్నదా అని చూడాలి. మలుపు అక్కడ లేకపోతే తిరుగుడు లోపం ఉన్నట్టు. ద్రవం మరసీలలా చుట్లు తిరుగుతూ దిగితే పేగు మెలిపడినట్టు. అల్ట్రాసౌండ్‌లో ధమని చుట్టూ సిర, పేగు సుడిగుండంలా తిరిగి కనిపించడం కూడా బలమైన గుర్తు. శిశువు అప్పటికే క్షీణిస్తూ, పొట్ట బిగిసి ఉంటే ఈ పరీక్షల కోసం ఆగకుండా శస్త్రచికిత్సకు తీసుకుపోతారు. ఇటువంటి సందర్భంలో నిర్ధారణకోసం వెచ్చించే ప్రతి గంటా పేగు ఖాతాలోంచి పోతుంది.

7. ప్రశ్న అడిగే తీరు

ఇన్ని పరీక్షలకూ ముందు ఒక ప్రశ్న ఉంది. ఆ ప్రశ్నను ఎవరు అడుగుతారన్నది కూడా ఆలోచించదగినదే. సాధారణ ప్రసవం తర్వాత తల్లీబిడ్డలు 48 గంటలు ఆసుపత్రిలో ఉండాలని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతాయి. ఆసుపత్రిలో పుట్టిన శిశువును ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి చూసే తొలి సందర్శన మూడో రోజున. అంటే తొలి మలం గడువు ఆసుపత్రి వార్డులోనే గడిచిపోతుంది. దాన్ని నమోదు చేయవలసింది వార్డు నర్సు. ఆశా కార్యకర్త ఆ తర్వాతి కాలానికి కాపలా: ఏడో రోజున, పద్నాలుగో రోజున పసరు వాంతి గురించి అడగగలిగేది ఆమె మాత్రమే. తిరుగుడు లోపంవల్ల బాధపడే శిశువుల్లో అధికభాగం మొదటి నెలలోనే బయటపడతారు కనుక ఆ సందర్శనల్లో ఈ ప్రశ్నకు చోటు ఉండాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుకతో వచ్చే లోపాలలో తొమ్మిదింటిని పేరుపేరునా జాబితా చేసింది. గ్రహణమొర్రి, వంకర పాదం, పుట్టు చెవుడు, గుండె లోపాలు వంటివి అందులో ఉన్నాయి. పేగు అడ్డంకులు గానీ మలద్వారం ఏర్పడకపోవడం గానీ ఆ తొమ్మిదిలో లేవు. కొన్ని లోపాలను నెలల్లో సరిచేసినా చాలునన్నది నిజమే. గంటల్లో సరిచేయవలసినవి జాబితాలో లేకపోవడం మాత్రం సమర్థించదగినది కాదు.

ప్రశ్నను ఎలా అడగాలి? ‘బైల్ వామిటింగ్ అయిందా?’ అంటే తల్లికి అర్థం కాదు. ‘పచ్చగా కక్కిందా?’ అంటే ఆమె జవాబు వైద్యునికి అర్థం కాదు. ‘వాంతి అయిందా?’ అంటే పాలు తాగాక త్రేన్పుతోపాటు కొంచెం కక్కడాన్ని కొందరు వాంతి అనరు, కొందరు అంటారు. ‘ఏ రంగులో కక్కింది?’ అని ముందు అడిగి, జవాబు ‘పచ్చగా’ అని వస్తే ‘ఆకుపసరు రంగా, పసుపు నీళ్ల రంగా?’ అని విడదీయడం మేలు. గోరింటాకు పసరు, పచ్చసొన వంటివి ప్రతి ఇంటికీ తెలిసిన రంగులు. వాటితో పోల్చమంటే సందిగ్ధత చాలావరకు తగ్గుతుంది. వైద్యవిద్యార్థులకు రోగితో సంభాషణను నేర్పే తరగతుల్లో మాండలిక పదాల పట్టికలు ఇవ్వడం మంచిదే. ఒక్క పదానికి రెండర్థాలున్న చోట్లను గుర్తించి చెప్పడం అంతకంటే అవసరం. ఇది తెలుగు శాఖలు వైద్యకళాశాలలతో కలిసి చేయదగిన పని, ఇంతవరకు ఈ దిశలో జరిగిన కృషి స్వల్పం.

మాటకంటే నమ్మదగినది మరక. శిశువు అనుమానాస్పదంగా కక్కినప్పుడు ఆ గుడ్డను ఉతకకుండా ఉంచి వైద్యునికి చూపాలని వార్డులోనే చెప్పవచ్చు. సెల్‌ఫోనుతో తీసిన ఫొటో కూడా ఉపయోగపడుతుంది, కానీ రాత్రిపూట దీపపు వెలుగులో తీస్తే ఆకుపచ్చ పసుపుగానూ, పసుపు ఆకుపచ్చగానూ కనిపించే ప్రమాదం ఉంటుంది. గుడ్డను పగటి వెలుగులో చూడటం మేలు. తెల్లవారేవరకు ఆగి చూద్దామనడం మాత్రం కుదరదు. మరక ఆకుపచ్చదని తేలితే పాలు, తేనె, గ్రైప్ వాటర్, ఆముదం ఏదీ పట్టకుండా, శిశువును వెచ్చగా చుట్టి, బాలల శస్త్రవైద్యులున్న ఆసుపత్రికి తరలించాలి. 108 వాహనం ఎక్కించేముందు దగ్గరలోని ఆసుపత్రిలో జీర్ణాశయంలోకి గొట్టం వేసి, దాని చివర తెరిచి ఉంచి, నరంద్వారా ద్రవాలు మొదలుపెడితే దారిలో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం తగ్గుతుంది. గొట్టంలోంచి వచ్చిన ద్రవం ఎన్ని మిల్లీలీటర్లో, ఏ రంగులో ఉందో, తొలి మలం ఏ గంటకు అయిందో ఒక కాగితం మీద రాసి వెంట పంపాలి. ఆ కాగితం మీద ‘పచ్చ’ అని మాత్రం రాయకూడదు. ‘ఆకుపచ్చ’ అనో ‘పసుపుపచ్చ’ అనో పూర్తిగా రాయాలి.